నొప్పి అంటే శిక్షేనా? మన కర్మ వీడియోకి ఒక సవరణ



మన ఛానెల్లో కర్మ సిద్ధాంతం మీద నేను చేసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఒక పోలిక చెప్పాను, గుర్తుందా? సర్వర్లో ఎర్రర్ వస్తే లాగ్ ఫైల్ తెరిచి చూస్తాం. ఎప్పుడో మూడు నెలల కింద చేసిన చిన్న మార్పు ఇవాళ బయటపడుతుంది. కర్మ కూడా అంతే, ఆ లాగ్ చదివే యాక్సెస్ మనకి లేదు గానీ ప్రతి ఎర్రర్ వెనకా మనం రాసిన లైన్ ఒకటి ఉంటుంది, అన్నాను. "ఇంత సింపుల్‌గా ఎవరూ చెప్పలేదు బ్రో" అని కామెంట్లు వచ్చాయి. నేనూ పొంగిపోయాను.

ఆ వీడియోని మా అమ్మ కీమో ఎక్కించుకుంటూ చూసింది.

అది నాలుగో సైకిల్. ఎర్ర మందు సీసా స్టాండుకి వేలాడుతోంది. నేను పక్క కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఇంకో చెవి అమ్మ వైపు. వీడియో అయిపోయాక ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు పైకప్పు కేసి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "అయితే నాన్నా, ఏ లైను రాశానురా నేను?"

కాల్ మ్యూట్‌లో పెట్టి, "అది వేరేమ్మా, అది జనరల్‌గా చెప్పింది" అన్నాను. ఆమె ఊరుకుంది. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చాక వంటగదిలో నాన్నతో అంటుంటే విన్నాను. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఒక పిల్లిని కర్రతో కొట్టిందట. అత్తగారు మంచాన పడ్డప్పుడు ఒకసారి విసుక్కుందట. అదేనేమో, ఇదేనేమో అని లెక్క వేసుకుంటోంది. నోటి పూతతో పెరుగన్నం కూడా మింగలేకపోతున్న మనిషి, యాభై ఎనిమిదేళ్ల జీవితమంతా తవ్వి తన నేరం వెతుక్కుంటోంది. ఆ పని నా వీడియో పెట్టింది.

పన్నెండు నిమిషాల వీడియోలో మాట్లాడేసి వెళ్లిపోవడం తేలిక. ఈసారి వీడియోలో చెప్పినదానికన్నా ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. అప్పుడు చెప్పింది పూర్తిగా తప్పు అనను. సగం చెప్పాను, ఆ సగాన్ని కూడా తప్పు మనిషి చేతిలో పెట్టాను.

ముందు ఎదురింటి ఆంటీ గురించి చెప్పాలి. నాన్న స్టీల్ ప్లాంటులో చేసేవారు, 'గోదావరి' బ్లాస్ట్ ఫర్నేస్ వైపు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. నేను ఉక్కునగరం క్వార్టర్లలోనే పెరిగాను. అక్కడ ఎదురింటివాళ్లు క్రైస్తవులు. క్రిస్మస్‌కి వాళ్లింటి నుంచి కేకు, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా కిటికీ తలుపులు ఊడిపోతే రెండు కుటుంబాలూ వాళ్ల హాల్లోనే కూర్చున్నాం. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో ఒకే పొయ్యి మీద వండుకున్నాం. అప్పుడు నేను ఇంటర్. రిటైరయ్యాక నాన్న కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు, వాళ్లూ దగ్గర్లోనే తీసుకున్నారు. అమ్మ ఆవిడని వదినా అంటుంది, ఆవిడా అంతే.

అమ్మకి జబ్బు తెలిసిన వారంలో మా ఇంటికి చాలామంది వచ్చారు. అందరూ మంచివాళ్లే, ప్రేమతోనే వచ్చారు. ఒకరు గోమూత్రం అర్క్ తెచ్చారు. ఒకరు జాతకం చూపించమన్నారు. ఒక పెద్దాయన సోఫాలో కూర్చుని, "పూర్వజన్మలో చేసుకున్నది అనుభవించాలి తల్లీ, ఎవరం తప్పించలేం" అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు పాపం. ఆంటీ మాత్రం ఏమీ అనలేదు. పొద్దున్నే వచ్చి బొంతలా పడున్న బట్టలన్నీ మడతపెట్టింది. కీమో తర్వాత మూడో రోజు అమ్మ కాళ్లు మంటలు అంటుంటే తడి తువ్వాలు చుట్టి గంటన్నర కూర్చుంది. మాటలేం లేవు. టీవీలో సీరియల్ వస్తోంది, ఇద్దరూ చూస్తున్నారు, అంతే.

మీకొక డౌట్ వస్తుంది, నాకు తెలుసు. మతం మార్చడానికా అని. నాకూ వచ్చింది, ఒప్పుకుంటాను. ఒకరోజు ఆవిడ వెళ్లేముందు, "వదినా, ప్రార్థన చేసుకోనా?" అని అడిగింది. నా ముఖం మారి ఉంటుంది. అమ్మ నా వైపు కూడా చూడకుండా, "చెయ్యి వదినా, నువ్వు నీ దేవుడికి చెప్పు, నేను మా అప్పన్నకి చెప్తాను" అంది. సింహాచలం అప్పన్న అన్నమాట. ఇద్దరు ఆడవాళ్లకి లేని ఇబ్బంది నాకెందుకో అనిపించింది.

ఆ తర్వాత ఒకసారి గేటు దగ్గర ఆవిణ్ణి అడిగాను. ఆంటీ, మీ మతంలో దీనికి ఏం సమాధానం చెప్తారు, మంచివాళ్లకి ఎందుకిలా అవుతుంది, అని. "యోబు కథ చదువు బాబూ" అంది. "సమాధానం ఉంటుందని చదవకు."

చదివాను. ఫోన్లోనే, పాత గ్రాంథికపు తెలుగు అనువాదం. నలభై రెండు అధ్యాయాలు. తెలియనివాళ్ల కోసం కథ చెప్తాను. యోబు ధర్మాత్ముడు, సంపన్నుడు. వరసగా పశువులు, పనివాళ్లు, పదిమంది పిల్లలు పోతారు. ఒళ్లంతా కురుపులు. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటుంటాడు. అప్పుడు ముగ్గురు స్నేహితులు వస్తారు: ఎలీఫజు, బిల్దదు, జోఫరు. అతన్ని గుర్తుపట్టలేక ఏడుస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చుంటారు. మొత్తం పుస్తకంలో వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే! ఎనిమిదో రోజు నుంచి మొదలుపెడతారు. నువ్వేదో చేసే ఉంటావు, దేవుడు అన్యాయం చేయడు కదా, ఒప్పేసుకో, నువ్వు కాకపోతే నీ పిల్లలు చేసుంటారు. యోబు ఒప్పుకోడు. నేనేం చేయలేదు, నన్ను నిలదీయడం కాదు, ఆయన్నే వచ్చి జవాబు చెప్పమనండి అంటాడు. చాలా ఘాటుగా అంటాడు. భక్తుడు దేవుడితో ఇలా మాట్లాడొచ్చా అనిపిస్తుంది చదువుతుంటే.

చివర్లో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. ఎందుకు బాధపెట్టాడో చెప్పడు. భూమికి పునాది వేసినప్పుడు నువ్వెక్కడున్నావు, సముద్రానికి హద్దు ఎవరు పెట్టారు, కొండమేకలు ఎప్పుడు ఈనతాయో నీకు తెలుసా అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. హుద్‌హుద్ రోజు ఆ గాలి హోరు విన్నవాళ్లకి ఆ అధ్యాయాలు కొంచెం వేరేగా అర్థమవుతాయి. నేనాగిపోయింది మాత్రం దాని తర్వాత వచ్చే చోట. దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, స్నేహితుల మీద. తన తరఫున వకాల్తా పుచ్చుకుని, దేవుణ్ణి వెనకేసుకొచ్చి, రోగిని దోషిని చేసినవాళ్ల మీద. వాళ్లు సరిగా మాట్లాడలేదని, యోబే సరిగా మాట్లాడాడని తీర్పు.

ఆ ముగ్గురిలో నేనున్నాను. సోఫాలో కూర్చున్న పెద్దాయన ఒకడు, నేను ఇంకొకణ్ణి. ఆయన మాట మా హాల్లో ఉన్నవాళ్లకే వినపడింది. నాది సబ్‌స్క్రైబర్లందరికీ.

(యోబుకి చివర పోయినవన్నీ రెట్టింపు వచ్చాయని, మళ్లీ పదిమంది పిల్లలు పుట్టారని ఉంటుంది. ఆ ముగింపు నాకు అంతగా నచ్చలేదు. కొత్త పిల్లలు పుడితే పాత పిల్లలు వచ్చినట్టా? ఈ మాట ఆంటీతో అంటే, "నాకూ అదే అనిపిస్తుంది" అంది.)

కొత్త నిబంధనలో యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఇదే ప్రశ్న ఇంకా సూటిగా వస్తుంది. పుట్టు గుడ్డివాడు ఒకడు కనిపిస్తాడు. శిష్యులు యేసుని అడుగుతారు, ఇతను గుడ్డివాడుగా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని. చూడండి, ప్రశ్నలోనే రెండు ఆప్షన్లు ఇచ్చేశారు, మూడోది లేదు. యేసు రెండూ కాదంటాడు. ఆ తర్వాత చర్చ పెట్టడు, నేల మీద ఉమ్మి, మట్టి కలిపి, కళ్లకి పూస్తాడు. 'ఎవరి వల్ల' అన్న ప్రశ్నని పక్కన పెట్టి 'ఇప్పుడేం చేయాలి' అన్నదానికి వెళ్లిపోయాడు. నాన్నకి చెప్తే ఆయన నవ్వారు. "ఫర్నేస్ దగ్గర ఎవడికైనా చెయ్యి కాలితే ముందు నీళ్లు పోస్తాం. ఎందుకు కాలిందో రిజిస్టర్లో తర్వాత రాస్తాం" అన్నారు. బుద్ధుడు కూడా విషబాణం తగిలినవాడి కథలో దాదాపు ఇదే చెప్పాడు. బాణం ఎవరు వేశారు, వాడిది ఏ ఊరు అని అడుగుతూ కూర్చుంటే మనిషి పోతాడు, ముందు బాణం తియ్యాలి అని. మన భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కినప్పుడు ఇన్‌స్టా కోసం ఫొటోలు దిగుతాం కదా, రెండు వేల ఏళ్ల కింద అక్కడ ఉన్న భిక్షువులకి ఈ కథ తెలిసే ఉంటుంది.

ఇదంతా చదివాక నాకు ఒక రకమైన ఉక్రోషం వచ్చింది. మన దగ్గర ఇది లేదా? మనది కేవలం లెక్కల పుస్తకమేనా? అని మళ్లీ మన గ్రంథాలు తీశాను. ఈసారి వీడియోకి పాయింట్ల కోసం కాదు, అమ్మ ప్రశ్నకోసం.

మొదట దొరికింది మాండవ్యుడు. మహాభారతం ఆదిపర్వంలో ఉంటాడు. మౌనవ్రతంలో ఉన్న ముని. దొంగలు ఆయన ఆశ్రమంలో సొమ్ము దాచి దొరికిపోతారు. రాజభటులు ఆయన్ని కూడా దొంగ అనుకుంటారు, రాజు కొరత వేయిస్తాడు. శూలం మీద కూడా ప్రాణం పోదు. తర్వాత రాజు తప్పు తెలుసుకుని దించుతాడు గానీ శూలం మొన లోపలే ఉండిపోతుంది, అందుకే అణిమాండవ్యుడు అని పేరు. ఆయన తిన్నగా యమధర్మరాజు దగ్గరికి వెళ్లి అడుగుతాడు: నేను ఏం చేశానని ఈ శిక్ష? అచ్చం మా అమ్మ ప్రశ్న. యముడి దగ్గర లాగ్ ఉంది! చిన్నప్పుడు నువ్వు పురుగుల్ని గడ్డిపోచతో పొడిచావు, దాని ఫలం ఇది అంటాడు.

ఇక్కడితో కథ ఆగితే నా వీడియో కరెక్టే. కానీ మాండవ్యుడు ఒప్పుకోడు. ఏమీ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా, ఇదేం ధర్మం అని యముణ్ణే శపిస్తాడు, భూమ్మీద మనిషిగా పుట్టమని. పద్నాలుగేళ్లలోపు పిల్లలు చేసింది పాపం కాదని కొత్త హద్దు కూడా పెడతాడు. ఆ శాపం వల్లే యమధర్మరాజు విదురుడిగా పుట్టాడు. ఆలోచించండి. కర్మ లెక్కలు రాసే అధికారినే మన ఇతిహాసం బోనెక్కించింది. లెక్క తప్పని తేల్చి, రూల్ మార్పించి, లెక్కరాసినవాణ్ణి మనుషుల బాధ పడమని కిందికి పంపింది. ఈ కథ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, విదురుడి బ్యాక్‌స్టోరీగా. ఇందులో ఇంత ఉందని తెలియదు. అమ్మకి చెప్పాను. పిల్లిని కొట్టినప్పుడు నీ వయసెంతమ్మా అని అడిగాను. "ఏడో ఎనిమిదో" అంది. "అయితే కేసు కొట్టేశారు" అన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వింది.

గీత కూడా మళ్లీ చూశాను. మొదటి అధ్యాయం పేరు అర్జున విషాదయోగం. అంటే కూలబడి ఏడవడాన్ని కూడా యోగం అన్నారు. పద్దెనిమిది అధ్యాయాల్లో కృష్ణుడు అర్జునుణ్ణి మందలిస్తాడు గానీ, నువ్వు పోయిన జన్మలో ఫలానా పాపం చేశావు కాబట్టి ఈ దుఃఖం అని ఎక్కడా అనడు. నాలుగో అధ్యాయంలో కర్మ నడక లోతు తెలియనిదని ఆయనే చెప్తాడు. లోతు తెలియదని దేవుడు చెప్పినదాన్ని నేను థంబ్‌నెయిల్ పెట్టి పన్నెండు నిమిషాల్లో చెప్పేశాను. ఇక ఏడో అధ్యాయంలో తనని కొలిచేవాళ్లు నాలుగు రకాలు అంటూ చెప్పే వరసలో మొట్టమొదటి పేరు ఆర్తుడు, అంటే బాధలో ఉన్నవాడు. తర్వాతే జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. అందులో జ్ఞాని గొప్ప అని చెప్తూనే నలుగురూ ఉదారులే అంటాడు. నొప్పితో దేవుణ్ణి పిలవడం తక్కువరకం భక్తి అని మనలో కొందరికి ఒక ఫీలింగ్ ఉంటుంది. ఆ ఫీలింగ్‌కి అక్కడ చోటు లేదు.

ఇంక మన రామదాసు. కంచర్ల గోపన్న, పాల్వంచ తహసీల్దారు, భద్రాచలం గుడికి ప్రభుత్వ సొమ్ము వాడినందుకు గోల్కొండలో తానీషా జైల్లో పెట్టించాడు, పన్నెండేళ్లు అని చెప్పుకుంటాం. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన మీలో చాలామందికి వచ్చు. దాంట్లో ఏం చేస్తున్నాడో ఎప్పుడైనా గమనించారా? సీతమ్మకి, లక్ష్మణుడికి, భరతుడికి చేయించిన నగలన్నీ ఒక్కొక్కటి ఖరీదుతో సహా ఎత్తిచూపి, ఇవన్నీ మీ నాన్న ఇచ్చాడా, మీ మామ పంపాడా అని రాముణ్ణి తిడతాడు. చివరికొచ్చేసరికి, దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకు అంటాడు. తిట్టింది తీసెయ్యలేదు. క్షమాపణ కూడా దాచలేదు. రెండూ ఒకే పాటలో ఉంచేశాడు, మూడు వందల ఏళ్లకి పైగా గుళ్లల్లో పాడుతున్నాం. యోబుకీ రామదాసుకీ మధ్య ఎంత దూరం, ఏ భాషకి ఆ భాష. కానీ ఇద్దరూ ఒకే పని చేశారనిపించింది నాకు. నొప్పి పెడుతుంటే బాగానే ఉందని అబద్ధం చెప్పలేదు. ఆ మాట వేరేవాళ్లతో కాకుండా ఆయనతోనే అన్నారు.

శిలువ మీద యేసు కూడా నన్నెందుకు వదిలేశావని అడిగాడంటారు. ఆంటీకి మొత్తం అర్థం అక్కడే ఉంది. మా దేవుడు పైనుంచి చూడలేదు బాబూ, మేకులు దిగినప్పుడు ఆయనకీ నొప్పి పెట్టింది, అందుకే నొప్పిలో నేను ఒక్కదాన్నే ఉన్నానని అనుకోను, అంది. వాళ్లాయన పోయినప్పుడు ఆవిణ్ణి నిలబెట్టింది ఆ ఒక్క మాటేనట. పోర్టు ఛానెల్ పక్కన రాస్ హిల్ మీద మరియ మాత గుడి ఉంది కదా, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరుడు. హార్బరులోకి వచ్చే ఓడలకి మూడూ కనిపిస్తాయి. నెలకోసారి ఆవిడ అక్కడికి వెళ్లి కాసేపు కూర్చుంటుంది. కొడుకు పోతుంటే కింద నిలబడి చూసిన తల్లి దగ్గర కూర్చుంటే మాట్లాడే అవసరం ఉండదు అంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అన్నీ ఒకటే అని కలిపేసే వీడియోలు నాకు నచ్చవు, ఇది కూడా అలా అయిపోకూడదు. వాళ్లది ఒకే జన్మ, చివర తీర్పు, దేవుడే మనిషి బాధని మోశాడన్న నమ్మకం. మనది ఎన్నో జన్మల ప్రయాణం, ఒంటికి తగిలేది ఆత్మకి తగలదన్న విచారణ. కొండలు మూడూ పక్కపక్కనే ఉన్నాయి గానీ మెట్లు వేరు. నేను చెప్పేది ఇంతే, పక్క కొండ మీద ఎవరో దీపం పెడితే, ఆ వెలుగులో నా ఇంట్లోనే నేను చూడని మూల ఒకటి కనబడింది.

ఆ మూలలో దొరికినవాడే రంతిదేవుడు. భాగవతం తొమ్మిదో స్కంధం. నలభై ఎనిమిది రోజులు తిండీ నీళ్లూ లేక కుటుంబంతో సహా వణికిపోతున్న రాజు. చివరికి కాస్త అన్నం దొరుకుతుంది. తినబోతుంటే అతిథులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఒకాయన కుక్కల్ని కూడా వెంటబెట్టుకుని. అందరికీ పెట్టేస్తాడు. నీళ్లు మాత్రం మిగులుతాయి. అప్పుడు ఎవరూ ముట్టుకోని కులం మనిషి దాహమని వస్తాడు. ఆ నీళ్లు కూడా ఇచ్చేస్తూ ఆయన కోరుకునేది మోక్షం కాదు. అన్ని ప్రాణుల లోపలా ఉండి వాళ్ల నొప్పి తాను పడాలి, వాళ్లకి నొప్పి లేకుండా పోవాలి అని. వచ్చినవాడు ఏ కర్మ వల్ల దాహంతో ఉన్నాడని అడగలేదు. ఇది చదివిన రోజు ఆంటీకి ఫోన్ చేసి మరీ చెప్పాను. కాసేపు ఊరుకుని, "మీ దగ్గర కూడా ఉన్నాడన్నమాట" అంది.

మరి కర్మ సిద్ధాంతం తీసి పారేయాలా? కాదు. పెద్దలు సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడుగా విడదీశారు. పోగుపడింది, ఇప్పుడు అనుభవంలోకి వచ్చింది, ఇక ముందు చేయబోయేది. మొదటి రెండింటి గురించి మనం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ముఖ్యంగా ఎదుటివాడి వాటి గురించి. మన చేతిలో ఉన్నది మూడోది. అమ్మ జబ్బు అమ్మ ప్రారబ్ధమో కాదో నాకు తెలిసే దారి లేదు. కానీ కీమో కుర్చీ పక్కన నేను ల్యాప్‌టాప్ మూయకపోవడం మాత్రం నా ఆగామి. ఇది నేను నా మీద వాడుకోవాల్సిన సిద్ధాంతం. నాకు దెబ్బ తగిలితే, సరే, నాదీ ఏదో పాత్ర ఉండొచ్చు అని అహం తగ్గించుకోవడానికి పనికొస్తుంది. పక్కవాడి దెబ్బ చూసి వాడితో అనడానికి కాదు. కుంతీదేవి కృష్ణుణ్ణి కష్టాలే కావాలని అడిగింది, కష్టంలోనే నువ్వు కనిపిస్తావు కాబట్టి. గొప్ప కోరిక. కానీ అది కుంతి తనకోసం అడిగింది. వార్డులో పక్క మంచం ఆవిడకి నేను చెప్పే మాట కాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2020 మే 7న తెల్లవారుజామున మన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైంది. నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తి రోడ్ల మీదే పడిపోయారు. పన్నెండు మంది పోయారు. ఆ వీడియోలు మనందరి వాట్సాప్‌లోకీ వచ్చాయి. ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగింది, దాన్ని చల్లగా ఉంచే ఏర్పాట్లలో లోపాలున్నాయని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పింది. అప్పుడు కూడా కొందరు 'వాళ్ల కర్మ' అన్నారు. ఆ మాట అన్న క్షణంలో ట్యాంకు ఎవరు చూసుకోవాలి అన్న ప్రశ్న చచ్చిపోతుంది. కర్మని అడ్డం పెట్టి కారణాన్ని దాచడం ధర్మం కాదు. మన ఆఫీసుల్లో ఇన్సిడెంట్ తర్వాత పోస్ట్‌మార్టం రాస్తాం. మంచి టీముల్లో 'ఎవడు చేశాడు' అని రాయరు, 'ఏమైంది, మళ్లీ కాకుండా ఏం చేద్దాం' అని రాస్తారు. నా వీడియోలో ఆ పోలిక వాడాల్సింది. లాగ్ ఫైల్ కాదు.

ఆ వీడియో డిలీట్ చేయలేదు. చేస్తే నేను అసలు ఆ మాట అననట్టు అవుతుంది. దాని కింద ఈ పోస్ట్ లింక్ పిన్ చేశాను. అది చూసి ఎవరైనా ఆసుపత్రి మంచం మీద లెక్కలు వేసుకుని ఉంటే, వాళ్లకి క్షమాపణ.

ఆఖరి సైకిల్ అయ్యాక నెలన్నరకి అమ్మ సింహాచలం వెళ్దామంది. ఆషాఢంలో ముప్పై రెండు కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ప్రతి ఏడూ చేసే మనిషి, ఈసారి కార్లో కొండెక్కింది. తలకి స్కార్ఫ్. మామూలు వారం రోజు, జనం పెద్దగా లేరు. స్థలపురాణం మీకు తెలిసిందే, ప్రహ్లాదుణ్ణి కొండ మీంచి సముద్రంలోకి తోయించినప్పుడు కాపాడటానికి స్వామి దూకిన తొందరకి పాదాలు భూమిలోకి దిగిపోయాయంటారు. చిన్నప్పుడు విని నవ్వేవాణ్ణి, దేవుడికి అంత కంగారేంటి అని. ఆ రోజు లైన్లో నిలబడి అదే గుర్తొచ్చింది. ప్రహ్లాదుడు ఏ పాపం చేశాడని తోశారు? ఎవరూ అడగరు. స్వామి కూడా అడగలేదు, దూకేశాడు. అక్షయ తృతీయ ఒక్కరోజు తప్ప ఏడాదంతా ఆ ఉగ్రరూపం మీద చందనం ఉంటుంది. మాకు కనిపించింది ఆ చల్లని ముద్దే.

బయటికి వస్తూ అమ్మ కప్పస్తంభం దగ్గర ఆగింది. అందరూ కౌగిలించుకుని కోరిక కోరుకునే స్తంభం. సర్జరీ అయిన వైపు చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవదు. ఒక చెయ్యి చుట్టి, రెండోది అందినంత వరకు పెట్టి, బుగ్గ ఆనించి చాలాసేపు ఉంది. వెనక ఉన్నవాళ్లు తొందరపెట్టలేదు.

కార్లో అడిగాను, ఏం కోరుకున్నావమ్మా అని.

"కోరుకోవడానికేటుంది. తిట్టాను" అంది. "రామదాసు తిట్టాడన్నావు కదా. నేనూ అప్పన్నని బాగా తిట్టాను. ఎదురింటి వదిన తరఫున కూడా రెండు తిట్టాను, ఆవిడ తిట్టదు కదా."

హనుమంతవాక దాకా ఏమీ మాట్లాడలేదు. అక్కడ సిగ్నల్ దగ్గర, వచ్చే నెల స్కాన్ ఏ తారీకురా అని అడిగింది. చెప్పాను. ఆ రోజు లీవ్ పెట్టాను.